గాజు గోళీల పుట్టుక గుర్తులు

పాత నాణెం మీద రాజు ముద్ర ఉంటుంది. తపాలా బిళ్ల మీద దేశం పేరు ఉంటుంది. గాజు గోళీ మీద ఏమీ ఉండదు. చేసిన కంపెనీ, ఊరు, సంవత్సరం ఏదీ దానిమీద రాయరు. రాసి ఉన్న అట్టపెట్టె పిల్లల చేతిలో పడ్డ రోజే చిరిగి చెత్తలోకి పోయింది. అయినా అనుభవమున్న సేకరణకర్త గోళీని వేళ్ల మధ్య రెండుసార్లు తిప్పి, ఇది 1880ల నాటి జర్మన్ చేతిపని అనో, ఇది 1930 ప్రాంతంలో వెస్ట్ వర్జీనియా యంత్రం మీద దొర్లిందనో చెప్పగలడు. ఇందులో మాయేమీ లేదు. కరిగిన గాజును కొలిమిలోంచి ఎలా తీశారు, దేనితో కోశారు, ఎలా గుండ్రం చేశారు అన్న వివరం గోళీ ఒంటిమీద మిగిలే ఉంటుంది. ఈ సేకరణలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు రంగు చూస్తారు. పాతకాపులు ముందు కోత గుర్తు వెతుకుతారు.

సేకరణకర్తల లెక్కలో పాత గోళీ అంటే సుమారుగా 19వ శతాబ్దం మధ్యనుంచి 1960ల దాకా తయారైనది. అంతకుముందు గోళీలు లేవని కాదు. సింధు నాగరికత తవ్వకాల్లో చిన్న చిన్న రాతి గుండ్లు బయటపడ్డాయి. జర్మనీలోని ఈదార్-ఒబర్‌స్టైన్‌లో ఏటి నీటితో తిరిగే పెద్ద ఇసుకరాతి చక్రాలకు అగేట్ రాయిని అదిమి, అరగదీసి గోళీలు చేసేవారు. అవి డబ్బున్న పిల్లల ఆటవస్తువులు. మిగతావారికి మట్టి గోళీలే గతి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని అక్రన్ పట్టణంలో శామ్యూల్ డైక్ 1884లో మట్టి గోళీల ఫ్యాక్టరీ పెట్టి రోజుకు లక్షల్లో ఉత్పత్తి చేశాడు. అగేట్ రాతి గోళీకి పిల్లల్లో ఎంత మోజు ఉండేదంటే, తర్వాత వచ్చిన గాజు గోళీల కంపెనీలు అగేట్ ముక్క కూడా వాడకుండానే తమ పేర్లలో అగేట్‌ను తగిలించుకున్నాయి. అక్రో అగేట్, క్రిస్టెన్సెన్ అగేట్, విట్రో అగేట్ అన్నీ అలా వచ్చిన పేర్లే.

లౌషా కత్తెర

గాజు గోళీల అసలు కథ జర్మనీలో తురింజియా అడవుల మధ్య ఉన్న లౌషా అనే చిన్న కొండ ఊళ్లో మొదలవుతుంది. 1597 నుంచి అక్కడ గాజు కొలిమిలు ఉన్నాయి. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గాజు బుడగలకు, బొమ్మల కళ్లకు, మనుషులకు పెట్టే కృత్రిమ కళ్లకు ఆ ఊరు పేరు. 1840ల చివర్లో అక్కడి గ్రైనర్ కుటుంబపు గాజుశాలలో ఒక ప్రత్యేకమైన కత్తెర తయారైంది. దాని ఒక చేతి చివర గుంట గిన్నె, రెండో చేతికి కోసే అంచు. చూడ్డానికి చిన్న పనిముట్టే కాని, అంతవరకు రాతితోనూ మట్టితోనూ సాగిన గోళీల పరిశ్రమను అది గాజువైపు మళ్లించింది.

పని ఇలా జరిగేది. ఇనప కడ్డీ చివర గాజు ముద్ద తీసుకుంటారు. దాని చుట్టూ రంగు గాజు పుల్లలు అతికిస్తారు, పైన మళ్లీ రంగులేని పారదర్శక గాజు పొర ఎక్కిస్తారు, ఇంకా రంగులు కావాలంటే ఇంకో వరస పేరుస్తారు. వేడి మీద ఉండగానే దాన్ని మెలితిప్పుతూ పొడవాటి కడ్డీగా లాగుతారు. లోపలి రంగులన్నీ మెలికలు తిరిగి దారాల్లా సన్నబడతాయి. కడ్డీ కొసను కత్తెర గిన్నెలో పెట్టి తిప్పితే కొస గుండ్రమవుతుంది, పిడి నొక్కితే గోళీ తెగి పడుతుంది. తర్వాతి గోళీ, ఆ తర్వాతి గోళీ, కడ్డీ అయిపోయేదాకా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పేడు దగ్గరి పాపానాయుడుపేటలో తరతరాలుగా పూసలు చేసినవారిది కూడా కరిగిన గాజును పొడవుగా లాగి ముక్కలు చేసే విద్యే. అక్కడ లాగేది బోలు గొట్టం, లౌషాలో లాగింది గట్టి కడ్డీ.

ఇలా తెగిన గోళీకి రెండు చివర్లా రెండు గరుకు మచ్చలు మిగులుతాయి. గాజుపనిలో వీటిని పొంటిల్ గుర్తులంటారు. పిల్లవాడికి బొడ్డు ఎలాగో చేతిపని గోళీకి ఇవి అలాగ: కడ్డీనుంచి విడిపడ్డ చోట్లు. కొన్నిటిమీద అవి గరుకుగా, విరిగినట్టు ఉంటాయి. కొన్నిటిమీద నూరి చదును చేసిన చిన్న ముఖాలుగా, ఇంకొన్నిటిమీద మంటకు చూపి కరిగించిన నున్నటి ముద్దగా కనిపిస్తాయి. లోపలి రంగు చారలు ఒక గుర్తు దగ్గర మొదలై, మెలి తిరుగుతూ వెళ్లి, రెండో గుర్తు దగ్గర ముగుస్తాయి. ఈ రెండు ధ్రువాలూ, వాటిని కలుపుతూ సాగే చారలూ కనిపిస్తే గోళీ జర్మన్ చేతిపని అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఒక్కో కడ్డీలో మొదట, చివర తెగిన గోళీల్లో నమూనా మధ్యలోనే ఆగిపోతుంది, రంగు గోళీలో సగానికే వస్తుంది. ఆ రోజుల్లో అది లోపమున్న సరుకు. ఇప్పుడు దానికి ప్రత్యేకంగా వెతికేవాళ్లున్నారు.

చారల అమరికను బట్టి రకాల పేర్లు పుట్టాయి. గోళీ నడిమధ్యలో తెల్లని లేక పసుప్పచ్చని సన్న దారాలు వలలా అల్లుకుంటే అది లాటిచీనో. అన్నిటికన్నా ఎక్కువ దొరికేది అదే, కాబట్టి కొత్త సేకరణకర్త మొదటి జర్మన్ గోళీ సాధారణంగా అదే అవుతుంది. మధ్యలో రంగు దిమ్మ నిండుగా ఉంటే సాలిడ్ కోర్, విడివిడి పట్టీలుగా ఉంటే డివైడెడ్ కోర్, వెడల్పు రిబ్బను ఒకటో రెండో ఉంటే రిబ్బన్ కోర్. పాలరంగు గాజు మీద సమాన దూరంలో సన్నని రంగు గీతలు సాగితే క్లామ్‌బ్రాత్. దట్టమైన నల్లగాజు మీద రంగు పట్టీలు మెరిస్తే ఇండియన్ స్వర్ల్. పేరులో ఇండియా ఉన్నా ఇదీ జర్మన్ సరుకే.

పుల్లలకు బదులు రంగు గాజు నలుసుల మీద వేడి ముద్దను దొర్లించి, ఆ తర్వాత లాగితే నలుసులన్నీ సాగి ఉల్లిపొరల్లా పరుచుకుంటాయి. అవి ఆనియన్‌స్కిన్ గోళీలు. పని దినం చివర మిగిలిన గాజు ముక్కలతో కార్మికులు సరదాకు చేసుకున్నారన్న కథ వల్ల ఈ కుటుంబానికి ఎండ్ ఆఫ్ డే అన్న పేరు స్థిరపడింది. కథ బాగుంది కాని, ఇన్ని వేల గోళీలు ఒకే తీరుగా రావాలంటే అది సరదా పని కాదు, రోజువారీ ఉత్పత్తే. గాజులో అభ్రకం రేకులు కలిపితే వెండి మిలమిలలు వస్తాయి. రాగి రేణువులు మెరిసే గాజును, అంటే ఇటలీలోని మురానో గాజుకారులు పేరు తెచ్చిన అవెంచురీన్‌ను సన్నటి పట్టీగా పెడితే బంగారు జరీ అంచులాంటి మెరుపు వస్తుంది. దాన్ని లుట్జ్ అంటారు. అమెరికాలో బోస్టన్ అండ్ శాండ్‌విచ్ గ్లాస్ కంపెనీలో పనిచేసిన నికొలస్ లుట్జ్ ఇలాంటి మెరుపు గాజు వస్తువులకు ప్రసిద్ధుడు కాబట్టి, ఒకప్పటి సేకరణకర్తలు ఈ గోళీలు కూడా ఆయనవే అనుకున్నారు. గోళీలు మాత్రం జర్మనీలో చేసినవి. తప్పని తేలినా పేరు పోలేదు.

అన్నిటిలోకీ చూడగానే గుండె జారేది సల్ఫైడ్. నీటిబొట్టులాంటి పారదర్శక గాజు మధ్యలో సింహమో, కుక్కో, గొర్రెపిల్లో, పక్షో వెండిలా మెరుస్తూ నిలబడి ఉంటుంది. నిజానికి అది వెండి కాదు, తెల్లని పింగాణీ మట్టిలాంటి పదార్థంతో చేసిన బొమ్మ. బొమ్మను వేడిచేసి కరుగు గాజులో పొదిగినప్పుడు దాని చుట్టూ పలచని గాలి పొర చిక్కుకుంటుంది, ఆ పొర మీద వెలుగు ప్రతిఫలించి వెండి మెరుపు ఇస్తుంది. బొమ్మ సరిగ్గా మధ్యలో నిలవడం కష్టం. పక్కకు ఒరిగినవి, గాలిబుడగ అడ్డుపడినవి, కాళ్లు విరిగినవి కొల్లలు. జంతువులు ఎక్కువ, మనుషుల బొమ్మలు తక్కువ. బొమ్మకు రంగులు వేసినవి, లేదా బయటి గాజే నీలం, ఆకుపచ్చ వంటి రంగులో ఉన్నవి అరుదు, ధర కూడా దానికి తగ్గట్టే. ఒకే గోళీలో రెండు బొమ్మలుంటే ఇక చెప్పనక్కర్లేదు.

జర్మన్ గోళీలకు అతిపెద్ద మార్కెట్ అమెరికా. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆ దారి మూసేసింది. అప్పటికే అట్లాంటిక్ అవతల యంత్రం తయారై ఉంది.

బాల్ బేరింగ్ నుంచి గోళీకి

అక్రన్‌లో జేమ్స్ హార్వీ లైటన్ 1890ల మొదట్లో గాజు గోళీలు చేసే పనిముట్టుకు పేటెంటు తీసుకున్నాడు. అయితే చరిత్రను మలుపు తిప్పినవాడు డెన్మార్క్ నుంచి వలస వచ్చిన మార్టిన్ ఫ్రెడరిక్ క్రిస్టెన్సెన్. ఉక్కు బాల్ బేరింగులు చేసే యంత్రాన్ని అంతకుముందే రూపొందించిన మనిషికి గాజు ముద్దను గుండ్రం చేయడం పెద్ద దూరం కాదు. గోళీల యంత్రానికి 1905లో ఆయనకు పేటెంటు వచ్చింది. గాడి తీసిన చక్రాల మధ్య వేడి ముద్ద తిరిగి తిరిగి, చల్లబడే లోపే నిండు గుండ్రమైపోతుంది. చివర్లు లేవు, కోత మచ్చ నూరే పనీ లేదు.

ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. క్రిస్టెన్సెన్ యంత్రం గుండ్రం చేసేదే కాని కొలిమిలోంచి గాజు తీసేది కాదు. ఒక కార్మికుడు కడ్డీతో ముద్ద తీసి యంత్రం మీద జారవిడిచేవాడు, ఇంకొకడు కత్తెరతో కోసేవాడు. జారేటప్పుడు చేతి మెలికవల్ల రెండు రంగులు కలిసిన స్లాగ్ గోళీ తలమీద తెల్లచార 9 అంకెలా సుడి తిరుగుతుంది, అడుగున కోసిన చోట తోక మిగులుతుంది. తొమ్మిదీ తోకా రెండూ స్పష్టంగా ఉంటే అది ఎం.ఎఫ్. క్రిస్టెన్సెన్ గోళీ అయి ఉండవచ్చు. చేతి కోత, యంత్రపు గుండ్రం రెండూ ఒకే గోళీలో కలిసిన కాలం అది. చేతితో కోసి, ఒక్క పొంటిల్ గుర్తు మాత్రమే మిగిలిన గోళీలను ట్రాన్సిషనల్ అని వేరే గుంపుగా చూస్తారు. క్రిస్టెన్సెన్ 1915లో చనిపోయాడు. సహజవాయువు కొరతతో కొలిమిలు ఆరి, కంపెనీ 1917లో మూతపడింది.

ఈలోగా ఆయన గోళీలనే టోకున కొని, పెట్టెల్లో సర్ది అమ్మే వ్యాపారం ఒకటి అక్రన్‌లోనే మొదలైంది. పేరు అక్రో అగేట్. ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం మధ్యనుంచి గోళీలు పట్టుకుని దూసుకుపోయే కాకి దాని గుర్తు. క్రిస్టెన్సెన్ దగ్గర లెక్కలు చూసిన హొరేస్ హిల్ అటు చేరాక, కొని అమ్మడం పోయి సొంత తయారీ వచ్చింది. 1914లో కంపెనీ వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కు తరలింది. కారణం సులభం: అక్కడ సహజవాయువు చవక, మంచి ఇసుక దగ్గరే దొరుకుతుంది. 1951లో అది మూతపడింది, అంతకుముందు చాలాకాలం అమెరికా గోళీల వ్యాపారంలో అక్రోదే పైచేయి.

అక్రో ఇంజనీర్లు చేతి పనిని పూర్తిగా తీసేశారు. కొలిమి అడుగు రంధ్రంనుంచి గాజు ధారగా కారుతుంది, యాంత్రిక కత్తెర దాన్ని సమానంగా కోస్తుంది, ముక్కలు సమాంతర రోలర్ల సర్పిలపు గాడిలో దొర్లుతూ చివరికి చేరేసరికి గోళీలవుతాయి. ధార కారే చోట తిరిగే గిన్నె ఒకటి అమర్చడంతో కార్క్‌స్క్రూ రకం పుట్టింది. రెండు మూడు రంగుల రిబ్బన్లు గోళీ చుట్టూ మెట్లు ఎక్కినట్టు ఒకదాన్నొకటి తాకకుండా చుట్టుకుంటాయి. గోళీ ఉపరితలం మీద ఇలాంటి పరిశుభ్రమైన మెలిక కనిపిస్తే అది అక్రో అని దాదాపు నిశ్చయంగా అనవచ్చు. పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చల్లో రెండు రంగులు, తెల్లని పీచుతో కలిసి పారదర్శక గాజులో మెలి తిరిగిన రకానికి పొపాయ్ అని పేరు. ఆ కార్టూన్ బొమ్మ ముద్రించిన పెట్టెల్లో వాటిని అమ్మడమే కారణం. రాగితో వచ్చే ముదురు నెత్తుటి ఎరుపు, మధ్య మధ్య నల్లని పోగులతో ఉండే ఆక్స్‌బ్లడ్ కూడా అక్రో సొత్తుగా పేరుపడింది. అయితే అదే రంగును క్రిస్టెన్సెన్ కూడా వాడాడు కాబట్టి రంగొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

అక్రోకు గట్టి పోటీ ఇలినాయ్‌లోని ఒటవా ఊళ్లో ఉన్న పెల్టియర్ గ్లాస్ ఇచ్చింది. దీని స్లాగ్ గోళీల్లో తెల్లచారలు ఈకల్లా సన్నగా విడిపోతాయి. అదే దీనికి ఆనవాలు. నేషనల్ లైన్ రెయిన్‌బో పేరుతో వచ్చిన గోళీలకు సేకరణకర్తలు తామే ముద్దుపేర్లు పెట్టుకున్నారు: నీలం మీద ఎరుపు, పసుపు చారలుంటే సూపర్‌మాన్, తెలుపు మీద ఎరుపు, ఆకుపచ్చ ఉంటే క్రిస్మస్ ట్రీ, తెలుపు మీద ఎరుపు, పసుపు ఉంటే కెచప్ అండ్ మస్టర్డ్. కంపెనీ కాగితాల్లో ఈ పేర్లు వెతికితే దొరకవు. పెల్టియర్‌కు పేరు తెచ్చిన ఇంకో సరుకు బొమ్మల గోళీలు. అప్పటి పత్రికల కార్టూన్ స్ట్రిప్పుల్లోనూ తెర మీదా కనిపించే 12 మంది ముఖాలను నల్లరంగులో గోళీ మీద అచ్చువేసి, కాల్చి అంటించారు. బెట్టీ బూప్, కోకో, ఆండీ గంప్, స్కీజిక్స్ వంటివారు అందులో ఉన్నారు. మూన్ మలిన్స్, కేయో ముఖాలు కష్టంగా దొరుకుతాయి.

అందరికన్నా తక్కువ కాలం బతికి అందరికన్నా ఎక్కువ ఆశ పుట్టించే కంపెనీ క్రిస్టెన్సెన్ అగేట్. పేరు ఒకటే కాని అక్రన్ క్రిస్టెన్సెన్‌తో దీనికి సంబంధం లేదు. ఒహాయోలోని పేన్‌లో 1925లో మొదలై, 1927లో కేంబ్రిడ్జ్ ఊరికి మారి, ఆర్థిక మాంద్యంలో 1933కల్లా ఆగిపోయింది. అర్నాల్డ్ ఫీడ్లర్ అనే గాజు రసాయన నిపుణుడు కలిపిన రంగులు ఎంత ప్రకాశంగా ఉంటాయంటే సేకరణకర్తలు వాటిని ఎలక్ట్రిక్ రంగులనే అంటారు. దీని గినీ గోళీ అంటే ఈ రంగంలో కోహినూరు లెక్క. పారదర్శకమైన నీలం, తేనెరంగు లేక రంగులేని గాజు పైన ఎన్నో రంగుల చుక్కలు గినీకోడి ఒంటిమీద చల్లినట్టు ఉంటాయి. ఆ చుక్కలు గోళీ లోపలికీ మెలి తిరిగి దిగితే దాన్ని కోబ్రా అంటారు. ఒక్క గోళీకి వందల డాలర్లు, అరుదైనదైతే వేల డాలర్లు పలకడం వేలంపాటల్లో మామూలే.

పిల్లికన్ను వచ్చాక

రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ ఆట మార్చింది. పారదర్శక గాజు మధ్యలో రంగు రేకులు పువ్వులా విచ్చుకునే క్యాట్స్ ఐ గోళీలు 1950ల మొదట్లో అమెరికా బజార్లలో కుప్పలు తెప్పలుగా దిగాయి. చవక, అందం రెండూ ఉన్న సరుకుతో పోటీ పడలేక పాత అమెరికన్ కంపెనీలు తలకిందులయ్యాయి. మిగిలినవి తామూ పిల్లికన్ను గోళీలు చేయక తప్పలేదు. వెస్ట్ వర్జీనియాలోని మార్బుల్ కింగ్ కంపెనీ ఆ రహస్యం పట్టుకోవడానికి కొన్నేళ్లు శ్రమించింది. గోళీల వ్యాపారంలో ప్రచారానికి పెట్టింది పేరైన బెరీ పింక్, పెల్టియర్ కుటుంబానికి చెందిన సెల్లర్స్ పెల్టియర్ కలిసి 1949లో సెయింట్ మేరీస్ ఊళ్లో పెట్టిన కంపెనీ అది. అగ్నిప్రమాదం తర్వాత 1958లో పేడెన్ సిటీకి మారింది.

రేకులు చూస్తే తయారీదారు కొంతవరకు తెలుస్తాడు. జపాన్ గోళీల గాజులో సీసా గాజు లాంటి లేత ఆకుపచ్చ ఛాయ తరచు కనిపిస్తుంది. నిట్టనిలువుగా ఒకే మందపాటి రేకు ఉంటే అది పెల్టియర్ వారి బనానా. రేకులు ఎక్కువై పంజరంలా గోళీ అంచులకు అతుక్కుని ఉంటే విట్రో అగేట్. మార్బుల్ కింగ్ గోళీల్లో పిల్లికన్నుకంటే ఎక్కువగా వెతికేవి తెల్లగాజు మీద పలచగా రెండు రంగులు పూసిన రెయిన్‌బో రకాలు. పసుపు, నలుపు ఉంటే బంబుల్‌బీ, ఎరుపు, నలుపు ఉంటే వాస్ప్, ఎరుపు, నీలం ఉంటే స్పైడర్‌మాన్. రంగు పైపూత మాత్రమే. విరిగిన ముక్కను చూస్తే లోపల తెలుపో, పనికిరాని తుక్కు గాజో కనిపిస్తుంది. ఖరీదైన రంగు గాజును ఆదా చేసే ఉపాయం అది.

తెలుగు ఊళ్లలో ఎక్కువమంది మొదట చూసిన గాజు గోళీ బహుశా సీసా మెడలోదే. ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు హైరమ్ కాడ్ 1870లలో పేటెంటు చేసిన సోడా సీసాకు విడిగా మూత ఉండదు. లోపలి వాయువు ఒత్తిడే గోళీని పైకి తోసి, మెడలోని రబ్బరు చక్రానికి అదిమి ఉంచుతుంది. ఇంగ్లండులో ఆ గోళీకోసం పిల్లలు సీసాలు పగలగొట్టేసేవారు, అందుకే అక్కడ పాత కాడ్ సీసాలు చాలావరకు అంతరించాయి. ఆంధ్ర, తెలంగాణల్లో గోళీసోడా ఇంకా తాగుతూనే ఉన్నారు. ఈ సోడా గోళీ సేకరణ మార్కెట్లో విలువైనది కాదు: చారలు లేవు, వేరే రంగులు లేవు, ఆకుపచ్చ సీసా గాజు ఉండ మాత్రమే. దీన్ని పాత జర్మన్ గోళీ అని అమ్మజూపేవాళ్లు ఉంటారు. సీసాకు మూతగా పెట్టేది ఎలాగూ నిండు గుండ్రంగా ఉండాలి కాబట్టి కోత గుర్తులేవీ ఉండవు, మోసం అక్కడే తేలిపోతుంది.

చేతిలోకి తీసుకున్నాక

గోళీని గుర్తించే పనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పది రెట్లు చూపే భూతద్దం, చిన్న టార్చి, వెర్నియర్ కాలిపర్, అతినీలలోహిత కాంతినిచ్చే లైటు ఉంటే చాలు.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ధ్రువాలున్నాయా? రెండు కోత మచ్చలుంటే చేతిపని వైపు, ఒక్కటే ఉంటే ట్రాన్సిషనల్ వైపు, ఏమీ లేకపోతే యంత్రం వైపు ఆలోచన మళ్లాలి. యంత్రపు గోళీ అని తేలితే కత్తెర కోసిన చోట మిగిలిన అతుకు గీతల కోసం వెతకాలి. గీతలు రెండా, ఒకటా, ఎదురెదురుగా ఉన్నాయా, అక్కడ రంగు ఎటు మడిచింది అన్నవి కంపెనీని బయటపెడతాయి. ఆ తర్వాతే రంగుల వంతు. టార్చి వెలుగును గోళీ వెనకనుంచి పట్టి చూస్తే దట్టంగా కనిపించిన గాజు కొన్నిసార్లు అర్ధపారదర్శకమని తేలుతుంది, దాంతో రకమే మారిపోతుంది.

అతినీలలోహిత కాంతిలో మంత్రనగరిలా పచ్చగా వెలిగే గోళీలున్నాయి. గాజుకు పసుప్పచ్చ రంగు తేవడానికి కొద్దిగా యురేనియం కలిపిన రోజులవి. వెలుగు చాలా బలంగా, నిమ్మపచ్చగా ఉంటే యురేనియం. నీరసంగా, మసకగా ఉంటే మాంగనీసు కావచ్చు. కాని మెరిసినదల్లా పాతదే అన్నది తప్పు, యురేనియం గాజు ఈనాటికీ చేస్తున్నారు.

కొలత విషయంలో అమెరికా పద్ధతే అంతటా చెల్లుతుంది. మామూలు ఆట గోళీ 5/8 అంగుళం, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. అర అంగుళానికి తక్కువవి పీవీలు. గురిపెట్టి కొట్టే పెద్దవి షూటర్లు. యంత్రపు గోళీల్లో అంగుళం దాటినవి కొంచెమే దొరుకుతాయి. చేతిపని వాటిలో రెండు అంగుళాలు దాటినవి కూడా ఉన్నాయి, అయితే పెద్ద గోళీ చేయడం కష్టం, ఆడటానికి పనికిరాదు కాబట్టి తక్కువగా చేశారు. అందుకే అదే రకం, అదే నాణ్యత ఉన్నా పరిమాణం పెరిగేకొద్దీ ధర పరుగులు తీస్తుంది.

ధరను అన్నిటికన్నా ఎక్కువగా తేల్చేది ఒంటి స్థితి. ఆట గోళీకి దెబ్బలు తగలడం దాని వృత్తి ధర్మం. తగిలిన చోట చంద్రవంక ఆకారంలో గాజు లోపల పగులు ఏర్పడుతుంది, పైపొర మాత్రం ఊడదు. దీన్ని మూన్ అంటారు. పైపొర ఊడిపోతే పెచ్చు. సేకరణకర్తలు 10 మార్కుల కొలమానం వాడతారు. 9, ఆ పైన ఉంటే మింట్, 8 నుంచి 9 లోపు నియర్ మింట్, 7 నుంచి 8 లోపు గుడ్, ఆ కిందివి కలెక్టబుల్. కొలిమిలోనే వచ్చిన బుడగలు, చల్లటి రోలరు తగిలి వచ్చిన ముడతలు, గాజు సరిగ్గా ఆరక వచ్చిన సన్న గీతలు దెబ్బల లెక్కలోకి రావు. వాటిని పుట్టుకతో వచ్చినవిగా వదిలేస్తారు.

ఇక్కడే మెరుగుపెట్టే వ్యవహారం వస్తుంది. దెబ్బలు తిన్న గోళీని యంత్రం మీద నూరి అద్దంలా చేయవచ్చు. అలా చేస్తే చూపుకు బాగుంటుంది కాని పొంటిల్ గుర్తు అరిగిపోతుంది, పరిమాణం తగ్గుతుంది, ధర బాగా పడిపోతుంది. నూరిన గోళీని అమ్మే మనిషి ఆ సంగతి చెప్పడం ఆనవాయితీ. చెప్పకపోతే అది మోసమే. నీళ్లు, నూనె రాసి ఫొటో తీయడం ఇంకో ఉపాయం, తడిలో సన్నటి గీతలన్నీ మాయమవుతాయి. కొనేవాడు ఆరిన గోళీని చూపించమని అడగాలి.

నకిలీల్లో పెల్టియర్ బొమ్మల గోళీలది మొదటి స్థానం. పాత గోళీకి ఈ మధ్య అచ్చువేసిన బొమ్మ అతికించి అమ్ముతారు. అసలు బొమ్మ కాలి గాజుతో కలిసిపోయి ఉంటుంది, కొత్త అతుకు గోటికి తగులుతుంది. సల్ఫైడ్‌లు 1970ల తర్వాత మళ్లీ తయారయ్యాయి. గినీలకూ కొత్త కవలలున్నాయి. ఈనాటి గాజు కళాకారులు చాలామంది తమ గోళీ అడుగున సంతకం చెక్కుతారు. ఆ సంతకం నూరేసి పాతదంటూ అమ్మేవారితోనే చిక్కు. ఉత్త గోళీకంటే అసలు పెట్టె ఎక్కువ ధర పలికే సందర్భాలు ఉండటంతో, పాత అక్రో పెట్టెల నకళ్లు కూడా బజారులోకి వచ్చాయి.

ఇంట్లో గోళీలకు ప్రధాన శత్రువు వేడి. ఎండ పడే కిటికీలో పెట్టిన చేతిపని గోళీ లోపలి పొరలు ఒకే తీరున వ్యాకోచించక బీటలు పడవచ్చు. వేడినీళ్లతో కడగడం కూడా అంతే ప్రమాదం. గది వేడికి దగ్గరగా ఉన్న నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తటి గుడ్డ సరిపోతాయి. విలువైనవాటిని ఒకదాన్నొకటి తాకనీయకుండా అరలున్న పెట్టెల్లో ఉంచాలి. గాజు సీసాలో నింపి అందంగా పెట్టడం ఆట గోళీలకు సరే కాని సేకరణకు చేటు.

అమెరికాలో 1975లో మార్బుల్ కలెక్టర్స్ సొసైటీ ఆఫ్ అమెరికా ఏర్పడ్డాక, దాన్ని నడిపించిన స్టాన్లీ బ్లాక్ రాసిన పుస్తకాలు రకాలకు పేర్లు, స్థితికి మార్కులు స్థిరపడటానికి తోడ్పడ్డాయి. పుస్తకాలకంటే గట్టి సాక్ష్యం మాత్రం నేలలోంచి వచ్చింది. క్లార్క్స్‌బర్గ్, కేంబ్రిడ్జ్, ఒటవాల్లో పాత ఫ్యాక్టరీల చెత్త పోసిన చోట్ల తవ్వితే సగం గుండ్రమైనవి, రెండు కలిసి అతుక్కుపోయినవి, రంగు తప్పినవి బయటపడ్డాయి. అమ్ముడుపోని ఆ తప్పుడు సరుకు ఎక్కడా కదలకుండా చేసిన చోటే ఉండిపోయింది కాబట్టి, ఫలానా రంగుల కలయిక ఫలానా కంపెనీదే అని తేల్చడానికి అదే ఆధారమైంది. ఒక కంపెనీ పేరు మీద దశాబ్దాలుగా అమ్ముడైన కొన్ని రకాలు ఈ తవ్వకాల తర్వాత ఇంకో కంపెనీ ఖాతాలోకి మారాయి, వాటి ధరలూ వాటితోపాటే మారాయి.